ఎదిగిన కుక్కకు తగిన ఇల్లు వెదకాలంటే...

హ్యూస్టన్ శివార్లలో మా ఇంటి వెనక వాన నీటి కాలువ ఒకటి ఉంది. ఒక ఆగస్టు సాయంత్రం అక్కడ దొరికింది చిట్టి. గోధుమరంగు, లాబ్రడార్ పోలికలు. పళ్ళు చూసి 3, 4 ఏళ్ళుంటాయన్నారు వెట్ గారు. మనిషి కనిపిస్తే చాలు, వచ్చి పాదాల మీద తల పెట్టి పడుకునేది. అప్పటికే మాకు రెండు కుక్కలున్నాయి. ఇంత ప్రేమగల దానికి ఇల్లు దొరకడం ఎంతసేపు అనుకున్నాం.

తెలిసిన స్నేహితులే అడిగారు, ఇచ్చేశాం. 11వ రోజున తిరిగొచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉదయం 7కి వెళ్ళి సాయంత్రం 7కి వచ్చేవారు. ఒంటరిగా ఉండలేక అది తలుపు గీరి గీరి గోళ్ళు చిట్లగొట్టుకుంది. వాళ్ళ తప్పేమీ లేదు. స్నేహితులు కదా అని మొహమాటపడి మేమే ఏమీ అడగలేదు. మా తప్పు మీరు చేయకుండా ఈ నాలుగు మాటలు.

ముందు యజమానిని వెదకండి

దొరికిన కుక్క వెంటనే మనదైపోదు. భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉందేమో వెట్ దగ్గరో, షెల్టర్‌లోనో చూపించాలి. కౌంటీ షెల్టర్‌కి తెలియజేయాలి. ఎన్నాళ్ళు ఆగాలో ఊరిని బట్టి మారుతుంది, వాళ్ళనే అడగండి.

ఆరోగ్యం

టెక్సస్‌లో కుక్కలకు రేబీస్ టీకా చట్టప్రకారం తప్పనిసరి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇవ్వడం మంచిది. గల్ఫ్ తీరంలో హార్ట్‌వర్మ్ ఎక్కువ. దోమకాటుతో వచ్చే ఈ పురుగులు గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరుగుతాయి. చికిత్స ఉంది కాని నెలల తరబడి సాగుతుంది, ఆ కాలమంతా కుక్కను పరుగెత్తనివ్వకూడదు. కొత్తగా సోకితే రక్తపరీక్షలో కనబడదు. అందుకే ఇప్పుడు లేదని తేలినా 6 నెలల తరువాత మళ్ళీ చేయించమని తీసుకునేవాళ్ళకు చెప్పాలి. కుక్కకు ఏ జబ్బున్నా దాచకండి.

స్వభావం తెలుసుకోండి

షెల్టర్ల వాళ్ళు 3-3-3 అని ఒక లెక్క చెబుతారు. కొత్తచోట బెరుకు తగ్గడానికి 3 రోజులు, పద్ధతులు అలవాటవడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. ఇది ఉరామరి లెక్కే అయినా మొదటి వారంలో చూసింది అసలు గుణం కాదని గుర్తుచేస్తుంది. వదలకుండా వెంట తిరగడమంతా ప్రేమే కాదు, ఒంటరితనమంటే భయం కూడా కావచ్చు. కాసేపు ఒక్కదాన్నీ వదిలి, సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టి చూడండి. పిల్లలతో, ఇతర కుక్కలతో ఎలా ఉంటుందో రాసి పెట్టుకోండి.

మనవాళ్ళను అడగాల్సినవి

- రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?
- ఇంట్లో అందరికీ ఇష్టమేనా, పిల్లల సరదా మాత్రమేనా?
- అద్దె ఇల్లయితే లీజులో కుక్కకు అనుమతి ఉందా? జాతి, బరువు నిబంధనలున్నాయా?
- నెల రోజులు ఇండియా వెళితే ఎవరు చూస్తారు?
- అమ్మా నాన్నా వచ్చి 6 నెలలుంటే వాళ్ళకు భయమా, మడీ ఆచారం ఉన్నాయా?
- ఉద్యోగమో, వీసానో మారి ఇండియా తిరిగి వెళ్ళాల్సివస్తే?

తిండి సంగతీ చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకు విషం. మిగిలిన సాంబారన్నం, కిస్మిస్ వేసిన పరమాన్నం ప్రేమకొద్దీ పెట్టకూడదు.

ఇచ్చేటప్పుడు

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, ఫెన్స్ చూసి రండి. రెండు వారాలు చూసుకోమనండి. కుదరకపోతే షెల్టర్‌లో వదలకుండా, ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే తిరిగివ్వాలని కాగితం మీద రాసుకోండి. మైక్రోచిప్ రిజిస్ట్రేషన్‌ను వాళ్ళ పేరు, ఫోను నంబరుతో మార్పించండి. చాలామంది మరిచిపోయేది ఇదే. నంబరు పాతదైతే చిప్ ఉండీ లాభం లేదు.

రెండోసారి ముగ్గురికి కాదని చెప్పాం. ఒకరికి కోపం కూడా వచ్చింది. చివరికి కేటీలో ఒక కుటుంబం కుదిరింది. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే పెద్దావిడ పగలంతా ఒక్కరే. చూడడానికి వెళితే ఆవిడ, "కుక్కంటే నాకిష్టమే, కాని అరుగు మీదే ఉండాలి" అన్నారు. అమెరికా ఇంటికి అరుగెక్కడిది? వంటింటి గడప ఇవతల చాప వేసి, దాని హద్దు అంతే అని తేల్చారు. రెండు వారాల తరువాత ఫోన్ చేస్తే, "ఇప్పుడే నడకకు వెళ్ళొచ్చాం, నిద్రపోతోంది, మెల్లగా మాట్లాడు బాబూ" అన్నారు.

మీ ఇల్లు చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి అంటే మనవాళ్ళు ఏమనుకుంటారో అని సందేహించకండి. మన మొహమాటానికి శిక్ష పడేది నోరులేని జీవానికి.