వల్లెవేత చేసిన తప్పేమిటి?

మన చదువుల మీద ఎవరు విమర్శ మొదలుపెట్టినా మొదటి దెబ్బ బట్టీ మీదే పడుతుంది. ఈ విమర్శకు మన దగ్గర రెండు వందల ఏళ్ళ వయసుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల వారీగా బళ్ళ లెక్క తీయమన్నాడు. దానికి జవాబుగా 1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ ఒక నివేదిక పంపాడు. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు కాబట్టి భాష తెలియక ఏదో రాశాడని కొట్టిపారేయలేం. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. ఆయన లెక్కకు వచ్చిన 533 బళ్ళలో 226 తెలుగు బళ్ళు. అదే ఏడు గుంటూరు కలెక్టరు 574 బళ్ళున్నాయని, అవికాక 171 చోట్ల 939 మంది శాస్త్రాలు చదువుకుంటున్నారని రాశాడు. శావల్యాపురం, వినుకొండ, నరసరావుపేట వైపు పల్నాటి ఊళ్ళన్నీ ఆనాడు గుంటూరు జిల్లాలోవే. గుంటూరు నివేదికలో అంకెలు ఎక్కువ, బడి లోపలి సంగతులు తక్కువ. ఆ సంగతులన్నీ క్యాంబెల్ రాశాడు. అవే ఓనమాలు, అవే ఎక్కాలు కాబట్టి పల్నాటి వీధి బడిని ఊహించుకోవడానికి ఆయన నివేదికే దిక్కు. అయితే ఆయన ఆ బళ్ళలో రెండు వేర్వేరు సంగతులు చూసి ఒకదాన్ని మెచ్చుకున్నాడు, రెండోదాన్ని తప్పుపట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు రెండింటినీ కలిపి ఒకే మూట కట్టారు. వల్లె వేయించడం తప్పు కాదనీ, వల్లె వేసినదానికి అర్థం చెప్పకపోవడం, దాన్ని వాడే చోటు చూపకపోవడం తప్పనీ నా వాదన.

ముందు ఆ బడి ఎలా నడిచేదో చూద్దాం. పిల్లవాణ్ణి ఐదో ఏట వేసేవారు. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చేకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. అక్షరాన్ని ముందు నోటితో నేర్పి తర్వాత రాయించేవారు కాదు. ఇసుకలో వేలితో దిద్దిస్తూనే పలికించేవారు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటం, లేదా పలక. ఆ పలక మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క. దానికి అన్నంతో కలిపిన బొగ్గుపొడి పూసి నున్నగా చేసేవారు. గంజి పెట్టి మడతలు పెట్టిన నల్లటి గుడ్డ కూడా ఉండేది, దాన్ని కడితం అనేవారు. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసేవారు. పిల్లలంతా సుమారు నాలుగు తరగతులు. కింది తరగతుల్ని పెద్ద పిల్లలు చూసుకునేవారు, పై తరగతుల్ని పంతులు.

క్యాంబెల్ మెచ్చుకున్నది ఈ ఏర్పాటునే. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, ముందున్నవాడు వెనకున్నవాడికి చెబుతూ తన చదువును తానే గట్టిపరచుకోవడం ఆయనకు బాగా నచ్చాయి. ఇంగ్లండు అనుకరించడానికి ఇది తగినదేనన్నాడు. నిజంగానే అనుకరించింది. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బళ్ళో పెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అని పేరే వచ్చింది. ఇది ఊరి గొప్ప కోసం చెప్పుకునే ముచ్చట కాదు. ఆ పద్ధతి ఎందుకు పనిచేసిందో ఇప్పుడు కొంత తెలుసు. మరపు ఎంత త్వరగా వస్తుందో 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని కొలిచాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరిచేత నాలుగుసార్లు చదివించారు. కొందరిచేత ఒక్కసారే చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత చూస్తే వాళ్ళకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్ళకు 61 శాతం. తాటాకు పక్కన పెట్టి అప్పజెప్పడం, పలక తుడిచి మళ్ళీ రాయడం, చిన్నవాడికి చెప్పడం, ఈ మూడూ బుర్రలోంచి బయటికి లాగే పనులే. పుస్తకంలో వరసల కింద గీతలు గీసుకుంటూ పదిసార్లు చదివే నేటి విద్యార్థి కంటే, కనీసం ఈ ఒక్క విషయంలో, వీధి బడి అరుగు మీది పిల్లవాడు నయం.

మరి క్యాంబెల్ తప్పుపట్టిందేమిటి? పుస్తకాలన్నీ పద్యాలు. వాటి భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. చాలామంది పంతుళ్ళకే అర్థం చెప్పడం రాదు. పిల్లలు వందల పద్యాలు చిలకల్లా వప్పజెబుతారు, ఒక్కదానికీ తాత్పర్యం తెలియదు. ఇదీ ఆయన ఫిర్యాదు. నిజమే అయి ఉంటుంది. కానీ అదే బళ్ళో, అదే గొంతుతో ఆ పిల్లలు ఇంకోటి కూడా వల్లె వేశారు. అర, పాతిక, పరక, వీసం: ఒకటిలో సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. ప్రతి అంకెకూ వీటి గుణకాలు కంఠతా రావాలి. భిన్నాలకు పంతులు పట్టిన శ్రద్ధను క్యాంబెల్ ప్రత్యేకంగా రాశాడు. ఎక్కాలు నేర్చిన పిల్లవాణ్ణి ఎవరూ చిలక అనలేదు. పద్ధతి ఒకటే, ఫలితం మాత్రం వేరు. సాయంత్రం కొట్టు ముందు తక్కెడ దగ్గర వీసం పనికొచ్చింది, కొలత మానికలో పాతిక కళ్ళకు కనిపించింది. పద్యానికి అలాంటి అంగడి లేదు. జ్ఞాపకం పెట్టించినందువల్ల పద్యం చచ్చుబడితే ఎక్కమూ చచ్చుబడాలి కదా. కాబట్టి దోషం వేరే చోట వెతకాలి, పుస్తకానికీ పిల్లవాడి నోటికీ మధ్య ఉన్న దూరంలో. ఆ దూరాన్ని 1823లో ఒక దొర గుర్తిస్తే, గిడుగు రామమూర్తి గారు 1910లలో దాని మీద పోరాడాల్సి వచ్చింది. తొంభై ఏళ్ళు మనవాళ్ళు ఏం చేశారని అడగాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. చెయ్యి కందేలా కొట్టి, దూలానికి వేలాడదీసి కోదండం వేయించి, గుంజీళ్ళు తీయించిన బడిని ఏ ముఖం పెట్టుకుని పొగుడుతారు? పొగడను. పిల్లవాడు భయంతో నేర్చాడా, పద్ధతివల్ల నేర్చాడా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ రోడిగర్ ప్రయోగంలో బెత్తం లేదు, అయినా చూడకుండా రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అందుకే బెత్తాన్ని తీసేసినా పద్ధతి నిలుస్తుందంటాను. రెండో ఆక్షేపణకు ఇంత సులువైన జవాబు లేదు. 1983లో ధరంపాల్ అనే పరిశోధకుడు ఈ నివేదికలన్నీ పుస్తకంగా అచ్చువేసినప్పటి నుంచి వీధి బడిని స్వర్ణయుగంగా చూపే అలవాటు బలపడింది. ఆ 533 బళ్ళలో చదివినవాళ్ళు 6,641 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైమాట. చదివినవాళ్ళలో ఆడపిల్లలు చాలా కొద్దిమంది. మాల మాదిగ పిల్లలకు చాలా చోట్ల ఆ అరుగు ఎక్కే వీల్లేదు. 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరిన లూథరన్ పాదిరి హెయర్ లాంటివాళ్ళ తర్వాతే పల్నాట్లో ఆ పిల్లలకు బడి తలుపు కొంత తెరుచుకుంది. పద్ధతి మంచిదనడానికీ బడి మంచిదనడానికీ మధ్య చాలా తేడా ఉంది.

బడికి రానివ్వనివాళ్ళు నేర్చుకోలేదని కాదు. పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఏ రోజు కథ ఆ రోజుదే, ఎదురుగా జరిగే క్రతువుతో ముడిపడి ఉంటుంది. 1970లలో జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. అక్కిరాజు ఉమాకాంతం ఇదే కథ మీద 1911లో శ్రీనాథుడి పేరుతో అచ్చువేయించిన గ్రంథంలో ప్రధానంగా ఉన్నది బాలచంద్రుడి యుద్ధం. పాటగాళ్ళ నోట్లో ఉన్న కథ దానికంటే ఎంతో విస్తారం. అది కూడా కంఠతా పట్టిన విద్యే, వినీ వినీ, వంత పాడీ పాడీ వచ్చిందే. అన్నీ ఫోనులో ఉండగా గుర్తుపెట్టుకోవడం ఎందుకని ఇవాళ అడిగేవాళ్ళు ఈ విద్యను ఒకసారి చూడాలి. మందపోరు రోజున జనం ఎదుట మందపోరే ఎత్తుకోవాలి, మొదటి నుంచీ వరసగా అప్పజెప్పుకుంటూ వస్తే కుదరదు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియాలంటే కథ ఎటు పోతోందో తెలియాలి, కథ మొత్తం నోట్లో ఉండాలి.