ప్లగిన్ పుట్టుక: అక్షరం కోసం ఒకటి, వేగం కోసం ఒకటి

వరంగల్‌లో ఒక స్కూలుకో, ఫంక్షన్ హాలుకో, కొత్తవాడ దరీల షాపుకో వెబ్‌సైటు కావాలంటే, చేసిపెట్టే కుర్రాడు ముందు సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కిస్తాడు. ఆ వెంటనే దానికి కొత్త పనులు నేర్పే చిన్న ప్రోగ్రాముల, అంటే ప్లగిన్ల, పేజీ తెరుస్తాడు. కాంటాక్ట్ ఫారానికి ఒకటి, వాట్సాప్ బటన్‌కి ఒకటి, ఫొటోల స్లైడర్‌కి ఒకటి, సైటు త్వరగా తెరుచుకోవడానికి ఇంకొకటి. అక్కడ ఉచితంగా దొరికేవే 50 వేలు దాటాయి. నొక్కితే చాలు, నిమిషంలో ఎక్కేస్తాయి. అంత సులువుగా దొరికే వస్తువు ఎక్కడిదో అడగాలని ఎవరికీ తోచదు. కానీ ఈ చరిత్రలో తెలుగువాళ్ళ అధ్యాయం ఒకటుంది, దాన్ని మరిచిపోతే నష్టం మనకే. మన భాషలో ప్లగిన్ తొలినాళ్ళలో చేసిపెట్టిన పని, తెరమీద మన అక్షరాన్ని మనం చదువుకోగలిగేలా చేయడం.

మొదలు 1995 దగ్గరుంది. అప్పటి బ్రౌజరుకు రాతా, కొన్ని రకాల బొమ్మలూ తప్ప మరేమీ చూపించడం రాదు. పీడీఎఫ్ ఫైలును వేరే ప్రోగ్రాములో కాకుండా బ్రౌజరు కిటికీలోనే తెరవాలని అడోబీ ఇంజనీర్లు పట్టుబట్టారు. నెట్‌స్కేప్ వాళ్ళు తమ నావిగేటర్ బ్రౌజరు రెండో వెర్షన్‌లో బయటివాళ్ళ ప్రోగ్రాములు వచ్చి తగులుకునేందుకు చోటు పెట్టారు. ఆ దారిలోనే ఫ్లాష్ వచ్చి ఏళ్ళ తరబడి వెబ్‌ను ఏలింది. 2020 డిసెంబరు 31తో దాని కథ ముగిసింది.

అదంతా చదివేవాడి వైపు ప్లగిన్. సైటు నడిపేవాడి వైపు ప్లగిన్ తరవాత పుట్టింది. మిషెల్ వాల్‌డ్రిగి 2001లో మొదలుపెట్టిన బీ2 అనే చిన్న బ్లాగు సాఫ్ట్‌వేరు రెండేళ్ళకే ఆలనాపాలనా లేక మూలపడింది. అమెరికాలో మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండులో మైక్ లిటిల్ దాన్ని చేతిలోకి తీసుకుని, 2003 మే 27న వర్డ్‌ప్రెస్ పేరుతో విడుదల చేశారు. ఏడాది తిరిగేసరికి, 2004 మే 22న, 1.2 వెర్షన్ వచ్చింది. ప్లగిన్లకు తలుపు తెరిచింది ఆ వెర్షనే. అదే నెలలో అప్పటి పెద్ద పోటీదారు మూవబుల్ టైప్ తన లైసెన్సు షరతులు మార్చడంతో, డబ్బు కట్టలేని వాళ్ళు చాలామంది ఇటు నడిచారు. తలుపు తీసిన వేళ బాగా కలిసొచ్చింది.

లోపలి ఏర్పాటు చాలా తేలిక. వర్డ్‌ప్రెస్ తన కోడు పొడవునా అక్కడక్కడా కొక్కేలు పెట్టుకుంది. వ్యాసం డేటాబేసులోంచి బయటికొచ్చి పాఠకుడి దగ్గరికి బయలుదేరే ముందు ఒక కొక్కెం దగ్గర ఆగి, ‘దీన్ని ఎవరైనా సవరిస్తారా?’ అని అడుగుతుంది. మన ప్లగిన్ అక్కడ తగులుకుని ఆ రాతను తీసుకుంటుంది, ఫొటోల కింద శీర్షిక చేరుస్తుందో లింకులు సరిచేస్తుందో, మళ్ళీ తిరిగిస్తుంది. అసలు కోడులో ఒక్క అక్షరమైనా చెరగదు. అందుకే వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ వేసుకున్నా మనం చేర్చినవి చెక్కుచెదరవు. ముల్లెన్‌వెగ్ స్వయంగా రాసిన తొలి ప్లగిన్ పేరు ‘హలో డాలీ’. అడ్మిన్ పేజీ పైన ఓ మూల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలోని వాక్యం ఒకటి చూపించడం తప్ప అది చేసే పనేమీ లేదు. కానీ ప్లగిన్ ఎలా రాయాలో నేర్చుకోదలచినవాళ్ళకు అంతకంటే చిన్న పాఠం ఇంకోటి దొరకదు.

ఇప్పుడు తెలుగు సంగతికి వస్తాను, ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే. తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చిన తొలి ఏళ్ళలో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, దాన్ని చూపించగల కంప్యూటర్లు ఇళ్ళలో లేవు. అందుకని ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చి ఫాంట్లు తయారుచేసుకున్నారు. ఈ పత్రిక చదవాలంటే దాని ఫాంటు, ఆ పత్రిక చదవాలంటే దాని ఫాంటు దించుకోవాలి. 1997 నాటికి ఫాంటును పేజీతోపాటే పంపే డైనమిక్ ఫాంట్ల పద్ధతులు రెండు వచ్చాయి, ఒకటి నెట్‌స్కేప్‌ది, ఒకటి మైక్రోసాఫ్ట్‌ది. రెండింటికీ పొత్తు కుదరలేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్నవాడికి పేజీ నిండా పిచ్చిగీతలు కనపడేవి. సోర్సు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన యూరపు భాషల చుక్కలూ కొమ్ములూ. ఆ రాతను వెతకడానికి గూగుల్‌కు దారి లేదు, కాపీ చేసి మరోచోట పెట్టుకుంటే తెలుగుగా నిలవదు.

ఈ ముడి విప్పడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. పద్మ మొజిల్లా బ్రౌజర్లకు తగులుకునే ఎక్స్‌టెన్షన్. పత్రిక పేజీ తెరవగానే అది ఏ ఫాంటులో ఉందో పట్టుకుని, రాతంతటినీ అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపిస్తుంది. చెప్పినంత తేలిక కాదది. ‘స్త్రీ’ అనే ఒక్క మాట తీసుకోండి. పాత ఫాంట్లలో రాత కంటికి కనిపించే వరసలో ఉంటుంది: ముందు స, దానిమీద గుడిదీర్ఘం, ఆ తరవాత కింద త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో పలికే వరస: స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికీ చివర గుడిదీర్ఘం. అంటే రెండో స్థానంలో ఉన్న గుడిదీర్ఘాన్ని పట్టుకుని, వెనక ఎన్ని వత్తులు వస్తున్నాయో చూసి, అవి అయిపోయాక దించాలి. దానికితోడు కొన్ని ఫాంట్లలో మ, య, ఘ లాంటివి రెండుమూడు ముక్కలుగా ఉంటాయి, వాటిని కలిపి ఒక అక్షరంగా గుర్తించాలి. ఒక్కో పత్రిక ఫాంటుకి ఒక్కో పట్టిక కట్టాలి. నాగార్జున ఈ చాకిరీ అంతా చేసి, కోడుతో సహా ఉచితంగా ఇచ్చేశారు. తెలుగుతో మొదలైన పద్మ తరవాత ఇతర భారతీయ లిపులకూ పనికొచ్చింది.

పద్మ వేళ్ళు ఇంకా వెనక్కి వెళతాయి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతిని అమెరికా తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ అని పిలుచుకుంటూ 1990లలో ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసుకున్నారు. పద్మకు ఆర్‌టీఎస్ చదవడం వచ్చు. ఆ పద్మ కోడు ఆధారంగానే వీవెన్ 2006లో ‘లేఖిని’ తయారుచేశారు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోతే కింద తెలుగు ప్రత్యక్షమయ్యే ఆ పేజీ వల్ల ఎంతమంది తెలుగులో రాయడం మొదలుపెట్టారో, ఆ తరం రాతగాళ్ళను కదిపితే వాళ్ళే చెబుతారు.

ఇందులో మా వరంగల్ జిల్లా కవి పోతన పేరూ ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించి ఉచితంగా విడుదల చేసిన తొలి యూనికోడ్ ఫాంట్లలో ఒకదానికి ‘పోతన 2000’ అని, ఇంకోదానికి ‘వేమన 2000’ అని పేరు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు సన్నగా అనిపించినవాళ్ళకు పోతన ఊరటనిచ్చింది. లినక్స్ పంపిణీలు దాన్ని తమ ప్యాకేజీల్లో కలుపుకున్నాయి. పోతన ఊరు బమ్మెర మొన్నటిదాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, జిల్లాల విభజన తరవాత జనగామ జిల్లాలోకి వెళ్ళింది. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనన్న కవి పేరును, అమ్మకానికి పెట్టని అక్షరాలకు పెట్టడం నాకు ఎప్పుడు తలచుకున్నా సబబుగా తోస్తుంది.

ఎక్స్‌పీ 2001లో వచ్చినా తెలుగు దానంతటదే కనపడేది కాదు. రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల పెట్టెకు టిక్కు పెట్టాలి, విండోస్ సీడీ అడుగుతుంది, సీడీ ఉండదు. ఆ అడ్డంకి తొలగడానికి కొన్నేళ్ళు పట్టింది. పత్రికలు కూడా ఒక్కొక్కటే యూనికోడ్‌కు మారాక పద్మ పని తగ్గిపోయింది. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి, పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను మొత్తంగా నిలిపేసింది. ఆశ్రయమిచ్చిన ఇల్లు మారితే ప్లగిన్‌కు చోటుండదు. దాని కోడు మాత్రం మరోచోట బతకగలదు, లేఖిని అందుకు సాక్ష్యం.

వేగం సంగతి ఇంకో దారి. వర్డ్‌ప్రెస్‌లో ఎవరు పేజీ అడిగినా ప్రతిసారీ డేటాబేసును కదిపి, ముక్కలు ఏరి, పేజీ కొత్తగా కూర్చాలి. పాఠకులు పెరిగితే సర్వరు ఊపిరి తీసుకోలేదు. స్పెయిన్‌కు చెందిన రికార్డో గల్లీ డబ్ల్యూపీ-క్యాష్ రాశారు. దాని మీదే ఐర్లండువాసి డన్నకా ఓ కీవ్ 2007లో డబ్ల్యూపీ సూపర్ క్యాష్ కట్టారు. ఒకసారి కూర్చిన పేజీని దాచిపెట్టి, తరవాత వచ్చినవాళ్ళకు ఆ దాచినదే చేతికివ్వడం దాని కిటుకు. అదే ఏడాది యాహూలో స్టీవ్ సౌడర్స్ ఫైర్‌ఫాక్స్ ఉపకరణమైన ఫైర్‌బగ్ మీద ఎక్కే వైస్లో అనే ప్లగిన్‌తో ఒక నిజం బయటపెట్టారు: పాఠకుడు ఎదురుచూసే సమయంలో 80 నుంచి 90 శాతం సర్వరు దగ్గర పోయేది కాదు, పేజీ బ్రౌజరుకు చేరాక బొమ్మలూ స్క్రిప్టులూ ఇతర ముక్కలూ దిగేందుకు పోయేదే. ఆ లెక్క చెప్పి ఇంతకాలమైనా, సైటు నెమ్మదిగా ఉందంటే హోస్టింగ్‌నే తిట్టేవాళ్ళు ఎక్కువ.

తెలుగు పేజీ బరువు గురించి వేగం పాఠాల్లో ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను. ‘వరంగల్’ అని ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు, ఎనిమిది బైట్లు. తెలుగులో వ, ర, సున్న, గ, ల, పొల్లు, ఆరే గుర్తులు. కానీ ఒక్కోదానికి మూడేసి చొప్పున 18 బైట్లు. దీనికి భయపడనక్కర్లేదు. తెలుగులో ప్రతి గుర్తుకూ మొదటి బైటు ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఇంతగా పునరుక్తి ఉన్న రాత జీజిప్ లాంటి కుదింపుకు చక్కగా లొంగుతుంది. సర్వరులో ఆ కుదింపు నడుస్తోందో లేదో చూసుకోవాలి, అంతే. చాలా క్యాష్ ప్లగిన్లలో అది ఒక టిక్కు పని.

రాత వరకు అసలు బరువు ఫాంటులో ఉంది. యూనికోడ్ తెలుగు గళ్ళు 128, నిండినవి సుమారు వంద. కానీ గుణింతాలూ వత్తులూ అందంగా కూర్చాలంటే ఫాంటులో కొన్ని వందల రూపాలు గీయాలి. సురవరం, మండలి, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, చూడగానే అన్నీ వాడాలనిపిస్తుంది. శీర్షికకు ఒకటి, వ్యాసానికి ఒకటి చాలు. మూడోది చేరిందంటే ఫోనులో సిగ్నలు సరిగా లేని పాఠకుడు ఖాళీ పేజీ చూస్తూ కూర్చుంటాడు. ఫాంటు దిగేలోపు ఫోనులో ఉన్న ఫాంటుతోనే రాత చూపించమనే ఏర్పాటు ఒకటుంది, ఆటోఆప్టిమైజ్ లాంటి ప్లగిన్లతో దాన్ని పెట్టుకోవచ్చు. మొదటి రెండు ముక్కలు చదివేలోపు ఫాంటు మారిపోయి వరసలు కాస్త కదులుతాయి. ఖాళీ పేజీకన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఇక ఫొటోల బరువు. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని అమ్మే సైటులో రంగు కనపడాలి, నేత కనపడాలి, అందుకని ఫోనుతో తీసిన ఫొటోలు తీసినట్టే ఎక్కిస్తారు. ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని తెర కొలతకు తగ్గించి, తక్కువ బరువుండే వెబ్‌పీ రూపంలోకి మార్చే ప్లగిన్ ఒక్కటి పెడితే, మిగతా వేగం ప్లగిన్లన్నీ కలిసి చేసేదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. ఫొటో తెరమీదికి వచ్చేవేళకే దించే పద్ధతికి ఒకప్పుడు వేరే ప్లగిన్ కావలసొచ్చేది, 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తనే చేస్తోంది. ఆ పని కోసం పెట్టుకున్న పాత ప్లగిన్ ఇంకా ఉంటే తీసేయవచ్చు. ఉన్నవాటిలో ఏవి అక్కర్లేదో చూడటం కొత్తవి వెతకడం కంటే ముందు చేయాల్సిన పని. కాంటాక్ట్ పేజీలో ఒక్కచోటే పనికొచ్చే ప్లగిన్ తన స్క్రిప్టును అన్ని పేజీల్లోనూ దించుతూ ఉంటుంది. రాసినవాళ్ళు ఏళ్ళుగా ముట్టుకోని ప్లగిన్‌తో ఆలస్యమే కాదు, దొంగలు చొరబడే ప్రమాదమూ ఉంది. పేరు పక్కనే చివరిసారి ఎప్పుడు సవరించారో రాసి ఉంటుంది, నొక్కేముందు ఆ తేదీ చదవండి.

పద్మ అవసరం తీరిపోయిందని అనుకుంటాం గానీ, డీటీపీ సెంటర్‌కి వెళితే అది ఇప్పటికీ కళ్ళముందుంది. వరంగల్ రచయితల కథల సంపుటాలు, సభల సావనీర్లు, ఊరి చరిత్రలు ఎన్నో పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చి అచ్చుకు వెళ్ళాయి. ఫైళ్ళు ఎవరి కంప్యూటర్లోనో పాత సీడీల్లోనో ఉన్నాయి. వాటిని వెబ్‌లో పెట్టాలంటే మళ్ళీ ఆ గుడిదీర్ఘం చివరికి జరపాల్సిందే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు వెబ్‌లో ఉన్నాయి, సాఫీ వచనాన్ని బాగానే మారుస్తాయి. వత్తు మీద వత్తు వచ్చిన చోటా, పద్యాల్లోనూ తడబడతాయి, మనిషి కూర్చుని ప్రూఫు చూడాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు చదివేవాళ్ళున్నారు, ఇదే ఊళ్ళో ఎన్ఐటీలో కోడు రాసేవాళ్ళున్నారు. పద్మ కోడు ఓపెన్ సోర్సు. దాని పట్టికల పద్ధతి చూసి, అను ఫాంట్లకు పట్టిక కట్టి, వర్డ్‌ప్రెస్‌లో పాత రాతను అతికించగానే యూనికోడ్‌గా మార్చే ప్లగిన్ ఒకటి రాయడం ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపోయే పని.