మూత్రంలోకి చేరేది ఎంత?

మూత్రంలో మంట మొదలైతే తెలుగిళ్లలో ముందు వినిపించే మాట "వేడి చేసింది". ఆ వెనకే బార్లీ నీళ్లు కాగుతాయి, ధనియాలు నానుతాయి, కొబ్బరిబొండాలు వస్తాయి. ఈ బాధ గురించి మనిషి రాసిపెట్టుకున్న అతి పాత మాటల్లోనూ వేడే ఉంది. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు ఈబర్స్ పాపిరస్ దీన్ని మూత్రాశయం నుంచి వెలువడే వేడిగా వర్ణించి, మూలికలతో ఉపశమనం చెప్పింది. సూక్ష్మజీవి అన్న ఊహే లేని కాలం అది. కంటికి కనిపించేది మూత్రం, ఒంటికి తెలిసేది మంట. వైద్యమంతా ఆ రెండింటి చుట్టూనే తిరిగింది.

మన చరక సంహిత మందుమొక్కలను పదేసి చొప్పున గుంపులు కట్టింది. అందులో ఒక గుంపు పేరు మూత్రవిరేచనీయం. పల్లేరు ఉంది, పాషాణభేది ఉంది. మిగిలినవాటిలో దర్భ, కుశ, రెల్లు లాంటి గడ్డిజాతులే ఎక్కువ. ఆ పేరు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. విరేచనం అంటే బయటికి తోసేయడం. చంపడం గురించి కాక, కడిగేయడం గురించి ఆలోచించారు. సుశ్రుతుడు ఉలిమిరి చెట్టును వరుణమన్న పేరుతో రాళ్లకూ మూత్రబాధలకూ వాడమన్నాడు. గలిజేరు పునర్నవగా ఈ వరసలోకి వచ్చింది.

అయితే పేరు ఒకటి, మొక్క ఒకటి కావడం మొదటినుంచీ ఉన్న చిక్కు. హిమాలయాల వైద్యులకు పాషాణభేది అంటే బండల సందుల్లో పెరిగే ఒక దుంపవేరు. దక్షిణాదిన అదే పేరుతో వాడింది మనం పప్పులో వేసుకునే కొండపిండి ఆకు. పల్లేరులోనూ రెండున్నాయి. నేలమీద పాకుతూ కాలికి గుచ్చుకునేది ఒకటి, ఏనుగు పల్లేరు ఇంకొకటి. ఏనుగు పల్లేరు రెమ్మను చెంబెడు నీళ్లలో తిప్పితే నీళ్లు జిగురుగా చిక్కబడతాయి. ఆ జిగురు నీళ్లు మంటకు చలవ అని పల్లెల్లో ఇప్పటికీ తాగుతారు. రెండింటికీ గోక్షురమనే పేరుంది గానీ వృక్షశాస్త్రం ప్రకారం వాటికి చుట్టరికం లేదు. "గోక్షురం మీద పరిశోధన" అన్న మాట చదివినప్పుడు ఏ గోక్షురం అని అడగాల్సిందే.

యునానీ హకీములు పల్లేరును ఖార్‌ఖసక్ అన్నారు, చలవ మిరియాలను కబాబ్ చీనీ అన్నారు. దోస, కర్బూజ జాతుల గింజలతో చేసే షర్బత్-ఎ-బజూరీ మూత్రంలో మంటకు వాళ్లు పట్టిన పానకం. తోకతో ఉండే ఆ చలవ మిరియాలు జావా నుంచి ఓడలెక్కి యూరప్‌కూ వెళ్లాయి. 19వ శతాబ్దపు వైద్యులు వాటిని సెగవ్యాధికి విరివిగా రాసిచ్చారు.

యూరప్‌కు తన మొక్కలూ ఉన్నాయి. ఎలుగుబంటి ద్రాక్ష అనే అర్థమొచ్చే లాటిన్ పేరున్న ఉవా ఉర్సి ఆకు 1788లో లండన్ ఫార్మకోపియాలోకి ఎక్కింది. దక్షిణాఫ్రికాలో ఖోయ్ జాతివాళ్లకు తరతరాలుగా తెలిసిన బుకు ఆకు 1820ల్లో బ్రిటన్ చేరింది. అమెరికాలో దాని సారాన్ని సీసాల్లో పోసి, పత్రికల నిండా ప్రకటనలిచ్చి అమ్మారు. ఆ మొక్కను చూపినవాళ్ల పేరు సీసా మీద లేదు.

గంధం నూనె కథ మనకు దగ్గరిది. 19వ శతాబ్దం చివరికి గంధం నూనె గుళికలు యూరప్ మందుల దుకాణాల్లో మూత్రనాళపు జబ్బులకు మామూలు సరుకు. చెక్క మైసూరుది, నూనె తీసేది బయటి దేశాలు. మొదటి ప్రపంచయుద్ధంతో ఓడలు ఆగి గంధపు చెక్క గుట్టలుగా మిగిలిపోయింది. అప్పుడు విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న మైసూరు సంస్థానం నూనె తీయడం తానే మొదలుపెట్టింది. బెంగళూరు విజ్ఞాన సంస్థ ఆచార్యులు పద్ధతి కుదిర్చారు, 1916లో కర్మాగారం నడిచింది. తర్వాత అదే నూనెతో సబ్బు వచ్చింది. మందు సంగతి మరుగున పడింది, సబ్బు నిలిచింది.

మరుగున పడడానికి కారణముంది. 1885లో థియోడోర్ ఎషెరిష్ పసిపిల్లల పేగుల్లో ఒక బ్యాక్టీరియాను గుర్తించాడు. మనం ఈ.కోలై అంటున్నది దాన్నే. 1894లో పిల్లల మూత్రాశయపు వాపుకూ ఇదే కారణమని ఆయనే రాశాడు. వేడి అనుకున్నదానికి ఒక జీవి రూపం దొరికింది. 1935లో సల్ఫా మందులు వచ్చాయి, పదేళ్లు తిరక్కముందే పెనిసిలిన్. రోగి రెండు రోజుల్లో లేచి తిరగడం చూశాక కషాయం కోసం ఎవరు ఆగుతారు?

ఈ మలుపులో ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పారు. ఆయుర్వేదపు మందులను కొత్త శాస్త్రం గీటురాయి మీద పెట్టాలని ఆయనకు గట్టి కోరిక. 1923లో బోస్టన్ చేరారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనలో మట్టి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అది లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అదే పెద్దకొడుకు. మట్టి మందిచ్చింది, మద్రాసులో వదిలొచ్చిన మొక్కల పని మాత్రం అక్కడే ఆగింది.

యాంటీబయాటిక్‌ల సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 2008లో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో దాదాపు ఏ మందుకూ లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. ఆయన భారత సంతతివాడు, అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నాడు. మందులను పనిచేయనివ్వకుండా ఆ సూక్ష్మజీవి మోస్తున్న కొత్త ఎంజైమే ఎన్‌డీఎం-1. దానికి ఒక ఏడాది ముందు, 2007లో, పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి స్వీడన్ శాస్త్రవేత్తలు ఫలితాలు ప్రకటించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మూత్రంలో మంటకు మన దుకాణాల్లో చీటీ లేకుండా అమ్ముతున్న మందుల్లో అదొకటి. శుద్ధయిందని వదిలిన నీరే బ్యాక్టీరియాకు తర్ఫీదునిస్తోంది. నన్ను బాధించేది ఇదే. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకు, సగానికి పైగా స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. మరుగుదొడ్డి లేని బడిలో దాహమైనా నీళ్లు తాగని ఆడపిల్లకు రేపు ఏ మందు మిగులుతుంది?

అందుకే పరిశోధకులు మళ్లీ మొక్కల వైపు తిరిగారు. మన విశ్వవిద్యాలయాల నుంచి ఇలాంటి వ్యాసాలు లెక్కకు మించి వచ్చాయి. పద్ధతి దాదాపు ఒకటే. ఆకును మెథనాల్‌లో నానబెట్టి, సారం తీసి, ఈ.కోలై పెరుగుతున్న అగర్ పళ్లెంలో వేసి, చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలవడం. ఆ శ్రమను తక్కువ చేయను. కానీ వలయం చెప్పేది పళ్లెం సంగతి. సారం తగినంత చిక్కగా ఉంటే దాదాపు ఏ మొక్కయినా ఏదో ఒక వలయం చూపిస్తుంది. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిన సారాల పరీక్షకు విలువ లేదని ఈ రంగంలోని పెద్దలే హెచ్చరించారు. మింగింది పేగు దాటాలి, కాలేయం దాటాలి, మూత్రపిండం వడగట్టిన నీటిలో పనిచేసేంతగా మిగలాలి. ఆ లెక్క లేనిదే వలయం మందు కాదు.

చరిత్రలో నిలబడ్డ మొక్కలను చూస్తే ఇది తెలుస్తుంది. ఉవా ఉర్సిలోని ఆర్బ్యుటిన్ ఒంట్లో మారి, కట్టుబడ్డ హైడ్రోక్వినోన్‌గా మూత్రంలోకి వస్తుంది. ఆ కట్టును ఈ.కోలై తన లోపలే విప్పుకుంటుందని ప్రయోగశాలలో కనిపించింది. ఎంత చక్కని ఏర్పాటు! అయినా మనుషుల మీద పరీక్ష కఠినంగానే మాట్లాడింది. బ్రిటన్‌లో 382 మంది స్త్రీలతో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో ఆ ఆకుతో తేడా రాలేదు. జర్మనీలో ఇదే ఆకుతో చేసిన మరో పరీక్షలో యాంటీబయాటిక్ వాడకం తగ్గింది, కానీ బాధ ఎక్కువైంది.

క్రాన్‌బెర్రీది మరో దారి. అది మూత్రాన్ని పుల్లబరుస్తుందని 1914 నుంచీ నమ్మారు. 1984లో సొబోటా అనే శాస్త్రవేత్త చూపింది వేరు: ఆ రసం ఈ.కోలైని మూత్రనాళపు గోడకు అంటుకోనివ్వదు. అంటుకోనిది మూత్రంతో పాటు కొట్టుకుపోతుంది. 1994లో 153 మంది వృద్ధ స్త్రీలలో కొందరికి రోజూ 300 మిల్లీలీటర్ల క్రాన్‌బెర్రీ పానీయం, మిగిలినవాళ్లకు అలాంటిదే ఉత్తుత్తి పానీయం ఇచ్చి చూస్తే, చీముకణాలతో పాటు బ్యాక్టీరియా కనిపించిన మూత్ర నమూనాలు ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లలో 28 శాతం, క్రాన్‌బెర్రీ తాగినవాళ్లలో 15 శాతం. 2012లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష దీన్ని కొట్టిపారేసింది. 2023లో 50 అధ్యయనాలను కలిపి చూసి అదే కోక్రేన్ మాట మార్చుకుంది. జబ్బు మళ్లీమళ్లీ వచ్చే స్త్రీలలో ముప్పు నాలుగో వంతు తగ్గుతుందని చెప్పింది. రాకుండా చూసుకోవడానికే ఇది, వచ్చినదాన్ని తగ్గించడానికి కాదు. జ్వరం, వణుకు, నడుంనొప్పి ఉంటే ఏ రసంతోనూ ఆగకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొక్క కదా, ఏం చేస్తుందిలే అనుకోవడమూ ప్రమాదమే. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రలు వేసుకున్న స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. కారణం అరిస్టోలోకియా జాతి మూలిక. మన గాడిదగడపాకు, ఈశ్వరి వేరు ఆ జాతివే.

2018లో వచ్చిన ఇంకో పరిశోధన నన్ను మళ్లీ చరకుడి దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మందిని రోజుకు లీటరున్నర అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు జబ్బు సగటున 1.7 సార్లు వచ్చింది, తాగనివాళ్లకు 3.2 సార్లు. పల్లేరు కషాయం పనిచేసినచోట పనిచేసింది పల్లేరా, దాన్ని కాచిన నీళ్లా?

దీన్ని తేల్చే దారి ఉంది. క్రాన్‌బెర్రీ రసం తాగిన ఆరోగ్యవంతుల మూత్రాన్ని పట్టి, అందులో ఈ.కోలైని వేసి, మూత్రాశయపు కణాలకు ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టారు. పల్లేరుకూ, కొండపిండికీ, ఉలిమిరి పట్టకూ అదే చేయాలి. ఒక గుంపుకు కషాయం, ఇంకో గుంపుకు అంతే కొలత వట్టి నీళ్లు. విజయవాడలో, వరంగల్‌లో ఆయుర్వేద కళాశాలా ఉంది, వైద్య కళాశాలా ఉంది.