చంద్రగిరి రైల్వే స్టేషను – ఏడుకొండలకు ఒక పాత వాకిలి

శ్రీవేంకటాచలపతి సన్నిధికి సోపాన మార్గాలలో శ్రీవారి మెట్టు ప్రాచీనమైనది. విజయనగర ప్రభువులు చంద్రగిరి దుర్గం నుండి ఈ దారినే స్వామి దర్శనానికి వెళ్ళేవారని పెద్దలు చెబుతారు. ఈ దారికి చేరువలో ఉన్నదే చంద్రగిరి రైల్వే స్టేషను.

1891 ప్రాంతంలో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ విల్లుపురం నుండి కాట్పాడి, పాకాల, తిరుపతి మీదుగా గూడూరు వరకు మీటరు గేజి మార్గాన్ని నిర్మించింది. తిరువణ్ణామలై, వేలూరు సీమల భక్తులకు మద్రాసు చుట్టి రావలసిన శ్రమ తప్పింది. ధర్మవరం–పాకాల మార్గంతో కదిరి, పీలేరు ప్రాంతాల వారికీ ఆ భాగ్యం కలిగింది. కొండపైకి నడకే శరణ్యమైన ఆ రోజులలో మెట్ల దారికి చేరువగా దిగడమే గొప్ప ఉపకారం.

1944లో తొలి ఘాట్ రోడ్డు వెలిసింది. యాత్రికుల ప్రవాహం తిరుపతి వైపు మళ్ళింది. ఈ స్టేషను 1951లో దక్షిణ రైల్వేలోను, 1977లో దక్షిణ మధ్య రైల్వేలోను చేరింది. అనంతరం మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. ప్రాభవం తగ్గినా పల్లె ప్రజలకు దాని సేవ ఆగలేదు.

శ్రీనివాసమంగాపురం ఆలయాన్ని 1540లో పునరుద్ధరించిన తాళ్ళపాక చినతిరుమలాచార్యుల కీర్తిని శిలాశాసనం నిలిపింది. ఎండనక వాననక పట్టాలు కాచి భక్తులను క్షేమంగా చేర్చిన గ్యాంగుమన్ల పేర్లు మాత్రం ఏ శాసనంలోనూ కానరావు. ఆలయ నిర్మాణం ఎంతటి పుణ్యమో, ఆలయానికి దారి చూపడమూ అంతటి పుణ్యమే. ఈ ప్రతిష్ఠా మహోత్సవ శుభవేళ, దాతలతోపాటు ఆ అజ్ఞాత సేవకులనూ స్మరించుకోవడం మన ధర్మం.

శ్రీవేంకటేశ్వరార్పణమస్తు.