న్యూస్ రీలు నుంచి వికల్ప్ దాకా

భారతదేశంలో లఘుచిత్రం చాలాకాలం తనకంటూ ఒక సాయంత్రం లేకుండానే బతికింది. నగరాల చలనచిత్రోత్సవాల్లో పదేసి, ఇరవైయేసి నిమిషాల చిత్రాలను ఐదారు వరుసగా వేయడం, ఆ తరువాత వాటి దర్శకులు ప్రేక్షకులతో ముచ్చటించడం నేడు మామూలు ఆనవాయితీగా కనిపిస్తుంది గానీ, అంతకుముందు సాధారణ ప్రేక్షకుడు పొట్టి సినిమాను కోరి వెళ్లి చూసిన సందర్భాలు అరుదు. పెద్ద సినిమాకు కొన్న టికెట్టుతో పాటే అది అతని నెత్తిన పడేది.

ఈ నిర్బంధం యుద్ధకాలపు సంతానం. తన ప్రచార చిత్రాలను ప్రతి ఆటలోనూ వేయాలని వలస ప్రభుత్వం 1943లో థియేటర్లను శాసించగా, స్వాతంత్ర్యానంతరం 1948లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద బొంబాయిలో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఆ సౌలభ్యాన్ని వదులుకోలేదు. థియేటరు లైసెన్సు షరతుల్లో భాగంగా ఆమోదిత చిత్రాలను వేయడమే కాక, వాటికి అద్దె కూడా యజమానులే చెల్లించవలసి వచ్చింది. ముప్పై ఐదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది కనుక, నాటి కొలత ప్రకారం 2,000 అడుగుల రీలంటే ఇరవై రెండు నిమిషాలు. తెలుగునాట జనం 'న్యూస్ రీలు' అని పిలిచింది దీన్నే. ఆనకట్టలు, వరదలు, మంత్రుల ప్రారంభోత్సవాలు గంభీరమైన వ్యాఖ్యానంతో తెర మీద సాగిపోతుంటే, బయట సోడా తాగుతూ అసలు బొమ్మ పడేదాకా కాలక్షేపం చేసేవారికి కొదువ ఉండేది కాదు. ఈ షరతు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1999లో సైతం తేల్చింది.

విచిత్రమేమంటే, దేశంలోని అత్యంత సాహసోపేతమైన పొట్టి చిత్రాలు కొన్ని ఈ సర్కారీ ఆఫీసు నుంచే వెలువడ్డాయి. సంస్థ సలహాదారు జాన్ భావ్‌నగరీ ప్రోత్సాహంతో 1960ల నడుమ యువ దర్శకులకు కొంత స్వేచ్ఛ దొరికినప్పుడు, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో, స్వాతంత్ర్యంతో పాటు పుట్టి ఇరవయ్యేళ్లు నిండిన యువతీయువకుల మాటలతో 'ఐ యామ్ 20' తీశాడు. ప్రమోద్ పతి 1972 నాటి 'ఆబిద్'లో చిత్రకారుడు ఆబిద్ సుర్తీని ఒక గదిలో నిలబెట్టి 'పిక్సిలేషన్' పద్ధతిలో, అంటే సజీవుడైన మనిషిని ఒక్కొక్క ఫ్రేముగా చిత్రించి బొమ్మలా కదిలిస్తూ, గోడల మీదికీ మనిషి మీదికీ రంగులను ఒకేలా పాకించాడు. వీటి దర్శకులకు కొరవడింది ప్రతిభ కాదు, వారి చిత్రాల కోసమే వచ్చి కూర్చునే ప్రేక్షకుడు.

ఇక ఫిల్మ్స్ డివిజన్ నీడలో కాక సొంతంగా తీసినవారికి మరో చిక్కు ఎదురైంది. సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952 ప్రకారం బహిరంగంగా ప్రదర్శించే ప్రతి చిత్రానికీ ముందుగా ధ్రువపత్రం ఉండాలి; జనం నోట అదే 'సెన్సారు సర్టిఫికెట్టు'. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు మహానగరాల్లోని వైభవాన్నీ దారిద్ర్యాన్నీ పక్కపక్కన చూపుతూ తీసిన 'చార్ షహర్ ఏక్ కహానీ' నిడివి పావుగంటకు కాస్త ఎక్కువ మాత్రమే అయినా, బొంబాయి వేశ్యావాటిక దృశ్యాల వల్ల అందరూ చూడదగిన 'యు' పత్రానికి నోచుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విచారణ నడుమ ప్రభుత్వం కోతలు లేకుండానే ఆ పత్రం ఇవ్వడానికి ఒప్పుకున్నా, ప్రదర్శనకు ముందే సెన్సారు చేయడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో వచ్చిన తీర్పు మాత్రం స్థిరపడిపోయింది. చిత్రం గెలిచింది, వాదం ఓడింది. ఆనంద్ పట్వర్ధన్ బీహారు ఉద్యమం మీద తీసిన 'క్రాంతి కీ తరంగేఁ' ఎమర్జెన్సీ కాలంలో రహస్యంగానే ప్రదర్శితమైంది.

డాక్యుమెంటరీ, లఘుచిత్రాల కోసం 1990లో బొంబాయిలో మొదలైన అంతర్జాతీయోత్సవం ఈ చిత్రాలకు ఎట్టకేలకు హాలును ఇచ్చింది గానీ, దాన్ని నడిపిందీ ఫిల్మ్స్ డివిజనే. 2004 ఉత్సవానికి భారతీయ చిత్రాలు సెన్సారు పత్రం తేవాలని, విదేశీ చిత్రాలకు అక్కరలేదని నిబంధన పెట్టడంతో దర్శకులు ఏకమై ప్రతిఘటించారు. నిబంధన వెనక్కి పోయింది గానీ, ఎంపికలో పలు రాజకీయ చిత్రాలు రాలిపోయాయి. ఉత్సవం జరుగుతున్న రోజుల్లోనే, అదే నగరంలో ప్రభాదేవి ప్రాంతంలోని భూపేశ్ గుప్తా భవన్‌లో 'వికల్ప్: ఫిల్మ్స్ ఫర్ ఫ్రీడమ్' పేరిట నిరాకృత చిత్రాలను దర్శకులే స్వయంగా ప్రదర్శించారు. కమ్యూనిస్టు పార్టీ భవనంలోని ఆ హాలుకు ఎవరినీ టికెట్టు లాక్కురాలేదు. పొట్టి సినిమాకు సొంత సాయంత్రం అంటూ దక్కింది నిజానికి అక్కడే.

ఉత్సవాల్లో సర్టిఫికెట్టు లేని చిత్రం వేయాలంటే సినిమాటోగ్రాఫ్ చట్టంలోని తొమ్మిదో సెక్షను కింద కేంద్రం మినహాయింపు ఇవ్వాలి. తెలుగు షార్ట్ ఫిల్ముకు మాత్రం ఈ బాధ పెద్దగా తగల్లేదు, ఎందుకంటే అది హాలును దాటవేసి నేరుగా యూట్యూబ్‌కు చేరింది. 'సైన్మా' తీసిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లిచూపులు'తో పెద్ద తెర మీదికి వచ్చినట్టే, ఇక్కడ లఘుచిత్రం పరిశ్రమలో చూపే పరిచయ పత్రంగా మారింది. అది లాభమే, నష్టమూను.

హాలు కావాలనుకున్న చిత్రాలకు మాత్రం పాత గడపే అడ్డొచ్చింది. తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ 2008 నుంచి నడుపుతున్న డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవంలో 2017లో మూడు చిత్రాలకు కేంద్రం మినహాయింపు నిరాకరించింది. ఒకటి కాశ్మీరు విశ్వవిద్యాలయంలోని యువ కళాకారుల గురించి, ఒకటి ఢిల్లీ జె.ఎన్.యు. ఆందోళనల గురించి, మూడోది, పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సాగిన నిరసనల మీద పి.ఎన్. రామచంద్ర తీసిన నలభై ఐదు నిమిషాల చిత్రం.