తుమర్థక రూపము – ఆంగ్ల వ్యాకరణ దృష్టి

ఆంగ్ల క్రియాస్వరూపమును బోధించునపుడు 'టు డూ' అను రూపమునకు 'చేయుట' యని తెలుగుచేసి విడుచుట పాఠశాలలలో పరిపాటి. ఈ సమీకరణము కొంతవరకే చెల్లును. అంతటితో తృప్తినొందినచో రెండు భాషల క్రియానిర్మాణమును మరుగుపడును. కావున తత్సంబంధమగు వ్యాకరణ చరిత్రను కొంత పరిశీలింపవలసియున్నది.

1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును శ్రీరామపురమున ప్రకటించెను. 1816లో ఎ. డి. కాంబెల్ వ్యాకరణము మద్రాసున వెలువడెను. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో నేకకుటుంబమునకు చెందినదనియు నిరూపించిన ఎల్లిసు వ్యాసము దీనియందే కలదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను వ్యాకరణము 1840లోను, ఆర్డెను వ్యాకరణము 1873లోను వచ్చినవి. దొరలకును మతప్రచారకులకును తెలుగు నేర్పుటయే వీరి ప్రయోజనము. కావున లాటిను, ఆంగ్లముల పరిభాషనే వీరు మన క్రియలకు అన్వయించిరి. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి సంస్కృత మార్గము ననుసరించెను. ఇరువురి కొలబద్దలును వెలుపలినుండి వచ్చినవే.

పాణిని తుమున్ ప్రత్యయమును ఒక క్రియకొరకైన మరియొక క్రియయందు విధించెను. 'చదువన్ వచ్చెను' అనుచోట నిది సరిపోవును. కాని 'సూర్యు డుదయింప చీకటి తొలగెను' అనునపుడు కర్తలు వేరు, ప్రయోజనార్థము లేదు. ఇది సంస్కృతమున సతిసప్తమి చేయు పని. కనుక తుమర్థక మను పేరు ఈ రూపముయొక్క వ్యాప్తిలో నొక భాగమునే తెలుపును.

ఇక ఆంగ్లము. ప్రాచీనాంగ్లమున నీ రూపము 'అన్' అంతముగా నుండెడిది. మన 'అన్'తో దీని పోలిక కేవలము యాదృచ్ఛికము. 'టు' అనునది చతుర్థ్యర్థమున వేరొక రూపమునకు ముందు చేరెడి ఉపసర్గ. అంత్యప్రత్యయములు క్రమముగా లోపింపగా 'టు'యే దానికి గుర్తుగా నిలిచెను. 'కెన్', 'మస్ట్' మొదలగువాని పిమ్మట నేటికిని 'టు' రాకుండుట ఆ ప్రాచీనస్థితికి శేషము.

మన భాషయందును ఈ భేదము స్పష్టము. చేయగలడు, చేయవలెను, చేయరాదు, చేయలేదు – వీనియందు ఉత్తరపదమునకు ముందున్నది శుద్ధమగు 'చేయ' రూపమే. ప్రయోజనార్థమున 'చేయుటకు వచ్చెను' అని కు-వర్ణకము చేరును. కర్తృస్థానమున మాత్రమే 'చేయుట' తగును: 'సత్యము పలుకుట మేలు'. ఆంగ్లమున నొక్కటిగా కనబడునది తెలుగున మూడుగా విడివడుచున్నది.

చిత్తూరు సీమ విద్యార్థికి దీని నెరుగుట కష్టము కాదు. అతడు ఇంట 'చెయ్యాల', 'పోవాల' అనును. అవి చేయవలెను, పోవలెను అనువాని సంక్షిప్తరూపములు. పొరుగువారి తమిళమున 'చెయ్యవేండుం' వినును. రెండింటను 'చెయ్య' యొక్కటియే. ఎల్లిసు 1816లో చూపిన బాంధవ్యము ఇచట వీధులలోనే వినవచ్చును. 1954లో తిరుపతియందు వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఈ ఉభయభాషా సీమలోనిదే. బోధకుడు విద్యార్థి నోటనున్న ఈ రూపముతో నారంభించి ఆంగ్లమునకు పోయినచో, వ్యాకరణము కంఠస్థము చేయవలసిన పట్టికగాక, పరిశీలించి తెలిసికొనదగిన శాస్త్రమగును.