కణజాలంలో అణువుల చిరునామా

కణజాలంలో ఏ అణువులున్నాయో తెలియాలంటే, చాలాకాలం దాన్ని ముందుగా నూరి ద్రావకంలో కలపాల్సి వచ్చేది. రోట్లో నూరాక ఏ ముక్క ఎక్కడిదో పచ్చడి చెప్పదు. మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల బరువు తేల్చేది. వాటి చోటు మాత్రం అప్పటికే చెరిగిపోయేది.

చోటును కాపాడే ప్రయత్నం 1960ల ఆరంభంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. కాస్టేయింగ్, స్లోజియాన్‌లు అయాన్ పుంజంతో నమూనా ఉపరితలాన్ని కొట్టి, ఎగిరొచ్చిన అయాన్లతోనే బొమ్మ కట్టారు. లోహాలకు, ఖనిజాలకు అది బాగా కుదిరింది. ప్రోటీన్లు మాత్రం ఆ దెబ్బకు తునకలయ్యేవి.

1980లలో జర్మనీలో హిల్లెన్‌కాంప్, కరాస్‌లు లేజర్ కాంతిని పీల్చుకునే చిన్న సేంద్రియ అణువుల మధ్య ప్రోటీన్‌ను పొదిగారు. లేజర్ దెబ్బ వాటిమీద పడి, ప్రోటీన్ చెక్కుచెదరకుండా లేచింది. అదే మాల్డీ. అదే కాలంలో జపాన్‌లో షిమాడ్జు కంపెనీ ఇంజనీరు కొయిచి తనాకా కోబాల్టు పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపారు. పారేయడానికి మనసొప్పక పరీక్షిస్తే, దానిలోనూ పెద్ద అణువులు చెక్కుచెదరకుండా లేచాయి. 2002 నోబెల్‌లో వాటా అందుకున్నారు. ప్రయోగశాలల్లో నిలిచింది మాత్రం జర్మన్ల పద్ధతే. వారినీ గుర్తించాల్సిందన్న వాదనలో పస ఉంది.

1997లో అమెరికాలో రిచర్డ్ కాప్రియోలీ బృందం పలుచని కణజాలపు కోతపై లేజర్‌ను చుక్క చుక్కగా నడిపింది. చుక్కకో బరువుల వర్ణపటం. కావలసిన బరువును ఎంచుకుని, ఏ చుక్కలో అది ఎంత ఉందో రంగుల్లో చూపిస్తే పటం సిద్ధం. దేనికోసం వెతుకుతున్నామో ముందే తెలియక్కర్లేదు, అదే దీని బలం. 2004లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం ఆవేశిత ద్రావకపు తుంపరతో, నమూనాను శూన్యంలో పెట్టకుండానే దాని ఉపరితలం నుంచి అయాన్లను లేపింది.

ఈ పటాల విలువ క్షయ విషయంలో బాగా తెలుస్తుంది. దక్షిణ కొరియాలో శస్త్రచికిత్సతో తీసిన రోగుల ఊపిరితిత్తుల గాయాల్లో మందుల జాడ చూపే ఇలాంటి పటాలను 2015లో ఒక బృందం ప్రచురించింది. గాయం నడుమ చచ్చిన, జున్ను లాంటి పదార్థంలో క్షయ క్రిములు మొండిగా దాక్కుంటాయి. రిఫాంపిసిన్, పిరజినమైడ్ అనే మందులు అక్కడికి చేరాయి. మాక్సిఫ్లాక్సాసిన్ అనే మరో మందు మాత్రం చుట్టూ ఉన్న సజీవ కణాల్లోనే పోగుపడి, లోపలికి సరిగా ఇంకలేదు. ఆ మందుతో చికిత్సను 4 నెలలకు కుదించే ప్రయోగం అంతకు ఏడాది ముందే విఫలమైంది. దానికి ఇదొక కారణం కావచ్చు. అంతకంటే కలవరపెట్టేది మరొకటి: నాలుగు మందులు మింగినా, గాయంలో ఒక మూలకు ఒకటే చేరితే, మందుకు లొంగని క్రిములు అక్కడే తయారుకావచ్చు. రక్త పరీక్షలో ఇది కనిపించదు.